మురికినీళ్ల డబ్బా

చూస్తే ఇంతే ఉంటది,
పది కిలోల బియ్యం సంచంత.
ఒక పక్క మంచినీళ్లు, ఇంకో పక్క ఖాళీ డబ్బా,
నడుమ పాముపిల్ల లెక్క ఒక గొట్టం.
నెలకు పదిహేను వందల కిస్తు.
మా ఇంటామె దీన్ని మొదటిసారి చూసి
ఇడ్లీలు పెట్టేదా అనడిగింది.

హంటర్ రోడ్డుల అద్దాల షాపులున్నయి,
ఆడ కారు లోపటికి పోతే
పెండ్లిపిల్ల లెక్క బయటికొస్తది.
మాది నయీంనగర్ నాలా పక్క రేకుల షెడ్డు.
వానకాలం నాలా పొంగితే
ముందు మిషిన్ను ఎత్తుకుంట,
తర్వాతనే చెప్పులు.

పని చెప్తె శాన సులువు.
మీట నొక్కితే నీళ్లు చిమ్ముతయి,
వదిలేసి నీ దిక్కు గుంజాలె.
మెల్లగ అంటే మెల్లగ,
చంటిదాని నెత్తి దువ్వినట్టు.
ఆత్రపడి నీళ్లెక్కువ కొట్టినవా
అడుగున ఫోముల నిలుస్తయి,
మూడోనాటికి కారంత
తడిసిన కుక్క వాసన.

గొట్టం మూతి అద్దమోలె ఉంటది,
అండ్లకెల్లి చూస్తనే ఉంట.
ఎనుమాముల అడ్తిదారు కారైతే
మిరపగింజలు, పత్తి నూగు, నాకు తుమ్ములు.
భూపాలపల్లి బండైతే సిరాబుడ్డి.
మేడారం పోయొచ్చిన బండి సంగతే వేరు:
బెల్లం పాకమై మ్యాటును పట్టుకుంటది,
పసుపు, ఎర్రదుబ్బ, ఒక కోడీక,
జంపన్నవాగు ఇసుక చారెడు.
ఆ నీళ్లు నాలాల పొయ్యబుద్ధి కాదు.
వేపచెట్టు మొదట్ల పోస్త.

మొన్న మంగళారం పొద్దుగూకంగ
మొగిలన్న తెల్ల ఎర్టిగా తెచ్చిండు.
ములుగు దిక్కు కిరాయిలు కొడ్తడు.
పది రూపాల కీరకు గూడ బేరమాడే మనిషి
ఆ దినం బేరమాడలే.
"నడిమి సీటు కింద జర చూడు యాకూ,
చాయ ఒలికింది."
అని, పోయి రోడ్డవతల బండ మీద కూసున్నడు,
నా దిక్కు ఈపు పెట్టి.

మ్యాటు లేపిన.
జానెడు వెడల్పు. ఎండి అట్టకట్టింది.
చాయ ఒలికితే చీమలొస్తయి.
ఒక్క చీమ లేదు.

స్టవ్వు మీద నీళ్లు కాగుతున్నయి.
దింపి పారబోసిన.
కుండల చల్లనీళ్లు ముంచి డబ్బా నింపిన.
ఈ మరకకు వేడి తగిలిందంటే
జన్మల పోదు.
మొగిలన్న ఒకసారి మర్రి చూసిండు,
వేడినీళ్లు పారబోసుడు చూసిండు,
మల్ల అటు తిరిగిండు.
నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది.

చిమ్మిన. గుంజిన.
గొట్టం మూతిల మొదలు తుప్పు రంగు,
తర్వాత దానిమ్మతొక్క,
తర్వాత మా బిడ్డ బడి రిబ్బను ఉతికిన నీళ్లు.
చిమ్ముడు బందువెట్టి ఉత్తగ గుంజుడు
పదిసార్లు, ఇంకో పదిసార్లు.
మిషిన్ వేడెక్కి మూలిగింది.
మూడు డబ్బాలైనయి.
అవి గూడ నాలాల పొయ్యలే.

పైసలిచ్చుకుంట అడిగిండు: "మల్ల తేల్తదా?"
"తేలొచ్చన్నా. కింద ఫోములకు దిగింది,
ఆరేటప్పుడు మీదికెక్కుతది.
రేపు తీస్కరా, పైసలొద్దు."
తల ఊపిండు. డోరు తీసిండు.
"ఎంజీఎం గేటు కనవడ్డది యాకూ,
గేటు మీది లైట్లు గూడ కనవడ్డయి."
అంతే.
బండి స్టార్ట్ చేసుకొని పోయిండు.

తెల్లారి నేను తాళం తియ్యకముందే
బండి వచ్చి ఉంది.
మ్యాటు ఎత్తి అరచెయ్యి ఆనిచ్చి చూసిన,
ఫోను లైటేసి చూసిన, ముక్కు పెట్టి చూసిన.
ఏం లేదు.
"పోయిందన్నా" అన్న.
"ఇంకోసారి గుంజు" అన్నడు.

గుంజిన.
డబ్బా ఊడదీసి ఎండకు పట్టిన.
నీళ్లు. ఉత్త నీళ్లు,
అడుగున రెండు ఇసుక రేణువులు.
మొగిలన్న నా చేతులకెల్లి డబ్బా తీసుకొని
అట్లనే పట్టుకొని నిలవడ్డడు,
వెనుక ఇంకో కారొచ్చి
హారన్ కొట్టేదాక.